మాత్రలు ఇచ్చారు సరే, తూములు ఎవరు తెరుస్తారు?
తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు, స్త్రీ వైద్యులకు, ఎముకల వైద్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు, డాక్టర్లకు నమస్కారం.

మీ పనిభారం ఎంతో తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. గర్భసంచి ఆపరేషన్ తర్వాత స్త్రీలలో ఎముకలు గుల్లబారే జబ్బు, అంటే బోలు ఎముకల వ్యాధి గురించి ఈ లేఖ. నేను ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. ఈ లేఖకు ముందు మా జిల్లా అధికారులకు రెండు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి రసీదు వచ్చింది, జవాబు రాలేదు. రెండోదాన్ని అందుకున్న ఉద్యోగి చదివి, "కాల్షియం మాత్రలు ఇస్తూనే ఉన్నారు కదమ్మా, ఇంకేం కావాలి?" అని అడిగారు. ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే తెలియక అడిగారు. ఆయనకు అక్కడే నిలబడి చెప్పలేకపోయిన జవాబు ఇది.

మా పెద్దక్కకు యాభై ఏడేళ్లు. ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేసి లేస్తూ పక్కకు ఒరిగింది. జారిపడలేదు, ఎవరూ తోయలేదు. కూర్చున్న మనిషి లేవబోయి ఒరిగింది, అంతే. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో ఎక్స్‌రే చూసిన డాక్టరు "ఈ వయసుకే ఇంత గుల్లబారిందేమిటి?" అన్నారు. రాడ్డు వేశారు, కుట్లు విప్పారు, ఇంటికి పంపారు. ఎముక ఎందుకు గుల్లబారిందో ఆ తర్వాత ఎవరూ వెతకలేదు. వెతకాల్సింది నేనే అనిపించి అక్క ఇనుప పెట్టె తీశాను.

అడుగున, పెళ్లి పట్టుచీర మడతల్లో, 1999 నాటి డిశ్చార్జి కాగితం దొరికింది. అప్పుడు అక్కకు ముప్పై రెండు. ముట్టు ఎక్కువ రోజులు ఉంటోందని, నడుము నొప్పి అని వెళితే, "గర్భసంచిలో పుండు ఉంది, ముందు ముందు క్యాన్సర్ కావచ్చు" అని భయపెట్టి ఆపరేషన్ చేశారు. గర్భసంచి తీసేశారని ఇంట్లో అందరికీ తెలుసు. కాగితం మీద నీలం సిరాతో ఒక ముక్క ఉంది: టీఏహెచ్, దాని పక్కన బీఎస్ఓ. మొదటిది గర్భసంచి తీసివేత. రెండోదానికి అర్థం రెండు వైపులా అండాశయాలు కూడా తీసేశారని. ఆ మూడక్షరాలను పాతికేళ్లలో ఎవరూ అక్కకు చదివి చెప్పలేదు. అందులో నేనూ ఉన్నాను. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ హార్మోను గురించి ఏటా పాఠం చెప్పే చెల్లెలిని, ఒక్కసారి ఆ కాగితం చూపించమని అడగలేదు.

పెట్టెలో మరో వస్తువు కూడా ఉంది. పాత చెప్పుల డబ్బా నిండా ఖాళీ కాల్షియం మాత్రల అట్టలు. అక్క ఏ ఏటికి ఆ ఏడు కొనుక్కుని మింగింది. మింగుతూనే ఉన్నా ఎముక విరిగింది. ఎందుకు?

ఒంట్లో ఉన్న సుమారు కిలో కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. మిగిలిన కొద్దిపాటి కాల్షియం మీదే గుండె కొట్టుకోవడం, కండరం కదలడం, నరం పనిచేయడం ఆధారపడి ఉన్నాయి. కణం బయట ఉన్నదానితో పోలిస్తే కణం లోపల స్వేచ్ఛగా ఉండే కాల్షియం దాదాపు పదివేల వంతులో ఒక వంతు. అంత తేడా నిలవాలంటే కణం గోడకు కట్టుదిట్టమైన కాపలా ఉండాలి. కాల్షియం తనంతట తాను లోపలికి రాలేదు. దానికోసం గోడలో ప్రొటీనుతో కట్టిన సన్నని దారులు ఉంటాయి. వాటినే కాల్షియం అయాన్ ఛానళ్లు అంటారు. ఛానల్ అనగానే మా విద్యార్థులకు టీవీ గుర్తొస్తుంది. అందుకే నేను తూము అని చెబుతాను. చెరువు నిండా నీళ్లున్నా తూము తెరవకపోతే చేను ఎండుతుంది, అక్కర్లేని వేళ తెరిస్తే చేను మునుగుతుంది. ఎముకల కథలో ఈ రెండూ ఉన్నాయి.

మొదటి తూము చిన్నపేగు మొదట్లో ఉంటుంది. దాని పేరు టీఆర్‌పీవీ6. తిండిలో కాల్షియం తక్కువైనప్పుడు దొరికినంతా లాక్కోవడానికి ఈ దారే ముఖ్యం. పేగు గోడలో ఈ తూములు ఎన్ని ఉండాలో ప్రధానంగా డి విటమిన్ నిర్ణయిస్తుంది, ఈస్ట్రోజెన్‌కూ అందులో చెయ్యి ఉంది. రెండోది మూత్రపిండంలోని టీఆర్‌పీవీ5. మూత్రంలోకి జారిపోబోయే కాల్షియాన్ని వెనక్కి పట్టేది ఇదే. 2003లో ఈ తూము లేకుండా పుట్టించిన చిట్టెలుకల మీద పరిశోధన వచ్చింది. వాటి మూత్రంలో కాల్షియం విపరీతంగా పోయింది, ఎముకలు పలచబడ్డాయి. అండాశయాలు తీసేసిన ఎలుకల మూత్రపిండాల్లో ఈ తూముల తయారీ తగ్గుతుందని, ఈస్ట్రోజెన్ ఇస్తే మళ్లీ పెరుగుతుందని అప్పటికే తేలింది.

మూడో చోట వ్యవహారం తలకిందులు. ఎముకలో కట్టే కణాలు, కరిగించే కణాలు రెండూ ఉంటాయి. పాత ఎముకను కరిగించి కొత్తది కట్టడం జీవితాంతం సాగే పని. కరిగించే కణం పుట్టాలంటే ర్యాంక్ లైగాండ్ అనే సంకేతం రావాలి. ఆ సంకేతం అందిన కణంలో కాల్షియం అలలు అలలుగా లేస్తుంది, ఆ అలలు ఎన్‌ఫ్యాట్‌సీ1 అనే జన్యు మీటను నొక్కుతాయి, అప్పుడు కణం ఎముకను తినే రూపు తీసుకుంటుంది. జపాన్ శాస్త్రవేత్తలు ఈ మీటను 2002లో గుర్తించారు. కణం ముదిరాక ఆ కాల్షియం రాకను నిలబెట్టేది టీఆర్‌పీవీ4 అనే మరో తూము. అది లేని చిట్టెలుకల్లో ఎముక మరింత దట్టంగా ఉన్నట్టు 2008లో తేలింది. ర్యాంక్ లైగాండ్‌ను అదుపులో ఉంచేవాటిలో ఈస్ట్రోజెన్ ముఖ్యమైనది. అండాశయాలు పోతే అదుపు సడలుతుంది, కరిగించే కణాలు పెరుగుతాయి. ఒంట్లోకి వచ్చేది తగ్గుతుంది, మూత్రంలో పోయేది పెరుగుతుంది, ఉన్న నిల్వ కరిగిపోతుంది. మా అక్క ఒంట్లో ఈ మూడూ ముప్పై రెండో ఏట, ఒకే మధ్యాహ్నం మొదలయ్యాయి.

ఈ వివరాల్లో చాలా భాగం ఎలుకల్లో చూసినవే. మనుషుల్లో ఒక్కో తూము వాటా ఎంతో లెక్క కట్టడం ఇంకా సాగుతోంది. కానీ ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముక పోతుందన్న సంగతి మనుషుల్లోనే చూశారు, అదీ 1941లో, ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అనే అమెరికన్ వైద్యుడు. మా అక్క ఆపరేషన్ నాటికి అది యాభై ఎనిమిదేళ్ల పాత సంగతి. కొత్త విషయం, అప్పటికి తెలియదు అని ఎవరూ అనడానికి లేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే బహిరంగంగా రాయను. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఈ స్త్రీలలో ఎందరికి అండాశయాలు కూడా తీశారో ఆ అంకెల్లో లేదు. బోలు ఎముకల వ్యాధి విషయంలో అసలు కావలసిన అంకె అదే. అండాశయాలు ఉంచినా, గర్భసంచి తీసినవారిలో అవి మామూలు కంటే కొంత ముందే ఆగిపోవచ్చు.

దీని ఫలితం సామాన్యుల ఇళ్లలో ఎలా ఉందో వరుసగా చెబుతాను.

1. మన స్త్రీలకు మామూలుగా నలభై ఆరు, నలభై ఏడేళ్లకు ముట్లుడుగుతాయి. ఆ తర్వాతి ఐదు నుంచి ఏడేళ్లలో ఎముక సాంద్రత ఇరవై శాతం వరకు తగ్గవచ్చు. ముప్పై రెండేళ్లకే అండాశయాలు పోయిన స్త్రీకి ఈ నష్టం దాదాపు పదిహేనేళ్లు ముందు మొదలవుతుంది. అరవై దాటిన వారి జబ్బు అని మనం చెప్పుకునేది ఆమెకు నలభైల్లోనే వస్తుంది. అప్పటికి ఆమె ఇంకా నాట్లు వేస్తూ, పత్తి ఏరుతూ, ఉపాధి పనిలో తట్ట మోస్తూ ఉంటుంది.

2. వెన్నుపూసలు చప్పుడు లేకుండా కుంగుతాయి. వెన్ను విరుపుల్లో మూడింట రెండు వంతులు డాక్టరు దాకా రానే రావు. "నడుము పట్టేసింది", "వయసు మీద పడింది" అనుకుంటారు. అక్క ఎత్తు తగ్గి చీర కుచ్చిళ్లు నేలకు తగులుతుంటే చూశాం. చీర పొడుగని నవ్వుకున్నాం.

3. ఆ నొప్పికి ఊళ్లో దొరికే వైద్యం స్టెరాయిడ్ మాత్రలు, సూదులు. రెండు రోజుల్లో నొప్పి తగ్గుతుంది, చేసినవారికి మంచి పేరు వస్తుంది. నెలల తరబడి వాడితే స్టెరాయిడ్లు పేగులో కాల్షియం రాకను తగ్గిస్తాయి, మూత్రంలో పోకను పెంచుతాయి, ఎముక కట్టే కణాలను చంపుతాయి. అండాశయాలు పోయిన మనిషికి ఇది రెండో దెబ్బ. మోకాళ్ల నొప్పికి అక్క రెండేళ్లు వాడిందని విరిగాకే తెలిసింది.

4. మాత్ర ఇస్తారు గాని మింగే పద్ధతి చెప్పరు. 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ మాత్రలో అసలు కాల్షియం 500. ఈ రకం మాత్ర కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి, కాబట్టి తిండితో వేసుకోవాలి. అక్క పరగడుపున టీతో వేసుకునేది, దానికి ముందు గ్యాస్ మాత్ర. ఐరన్ మాత్ర కూడా అప్పుడే. కాల్షియం ఐరన్‌కు అడ్డుపడుతుంది, గ్యాస్ మాత్ర కాల్షియాన్ని కరగనివ్వదు. డి విటమిన్ ఎంతుందో ఒక్కసారైనా చూడలేదు. పేగులో తూములు కట్టించే మేస్త్రీ ఉన్నాడో లేడో తెలియకుండా పాతికేళ్లు సామాను దింపారన్నమాట. దీనికి విరుగుడుగా కొందరు పరీక్ష లేకుండానే ఆరు లక్షల యూనిట్ల డి విటమిన్ సూది మళ్లీ మళ్లీ వేస్తారు, అదీ ప్రమాదమే.

5. ఇంకో తికమక. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ "కాల్షియం ఛానల్ బ్లాకర్" అని ఎవరో ఫోనులో చదివి చెప్పారట. ఎముక కాల్షియం తీసేస్తుందేమోనని మా వీధిలో ఇద్దరు ఆ మాత్ర మానేశారు. అది ముఖ్యంగా రక్తనాళాల గోడ కండరాల్లోని వేరే రకం తూముల మీద పనిచేస్తుంది. డాక్టరుకు చెప్పకుండా దాన్ని మానేస్తే పక్షవాతం రావచ్చు. పల్లెటూళ్లో అరగంట మాట్లాడే వ్యక్తి లేకపోవడం వల్ల ఇలాంటివి పుడతాయి.

6. తుంటి విరిగిన తర్వాత ఏడాది లోపల సుమారు ఐదుగురిలో ఒకరు చనిపోతారని ప్రపంచమంతటా వైద్యులు చెప్పే మాట. బతికినవారిలో చాలామంది మునుపటిలా నడవరు. ఇక్కడ మరో తూము గురించి చెప్పాలి, పీజో1. ఒత్తిడిని పసిగట్టి తెరుచుకునే ఈ ఛానల్‌ను 2010లో కనిపెట్టిన బృందానికి నాయకుడు ఆర్డెమ్ పటపూటియన్. ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. మనం నడిచినప్పుడు, బరువెత్తినప్పుడు ఎముక కణాలకు "ఇక్కడ బలం కావాలి" అని తెలిపేవాటిలో ఇది ముఖ్యమైనది. ఎముక కణాల్లో ఇది లేకుండా చేసిన చిట్టెలుకల ఎముకలు పెళుసుబారి విరిగాయి. అంతరిక్షంలో బరువు తెలియని వ్యోమగాములకు తుంటి దగ్గర నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం ఎముక పోతుంది. ఇంటికి పంపేటప్పుడు "కదలకుండా పడుకోమ్మా" అని మాకు చెప్పినవారికి ఈ సంగతి తెలియదనుకోను. ఎన్ని రోజులు పడుకోవాలి, ఎప్పుడు లేవాలి, ఎవరు లేపి నడిపించాలి అన్నది మాత్రం కాగితం మీద లేదు. అక్క నాలుగు నెలలు మంచం దిగలేదు. ఆమెను చూసుకోవడానికి కోడలు బట్టల కొట్టులో ఉద్యోగం మానేసింది.

ఇక అడగవలసినవి.

1. గర్భసంచి ఆపరేషన్ అంగీకార పత్రం, డిశ్చార్జి కాగితం తెలుగులో ఉండాలి. అండాశయాలు ఉంచారా, తీశారా, తీస్తే ఎందుకు తీశారు అన్నది పొడి అక్షరాల్లో కాకుండా పూర్తి వాక్యంలో రాసి, ఆమెకు చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. వేలిముద్ర వేసే స్త్రీకైతే సాక్షి ముందు చదవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

2. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మన రెండు రాష్ట్రాల్లో ఏ జిల్లాలో పర్యవేక్షణ కమిటీ ఉంది, ఎన్నిసార్లు కూర్చుంది, నలభై ఏళ్ల లోపు ఆపరేషన్లు ఎన్ని చూసింది, వాటిలో అండాశయాలు తీసినవి ఎన్ని అన్నవి వెబ్‌సైట్‌లో పెట్టండి. ప్రైవేటు ఆస్పత్రుల లెక్క కూడా. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు జరిగేది అక్కడే.

3. ఇప్పటికే తీయించుకున్నవారి సంగతి. బీపీ, షుగరు కోసం ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ వెళుతూనే ఉన్నారు. వారి పట్టికలో రెండు ప్రశ్నలు చేర్చండి: గర్భసంచి తీశారా, ఎన్నో ఏట? పాత కాగితం ఉందా? ఉంటే ఫొటో తీసి పీహెచ్‌సీ డాక్టరుకు పంపాలి. మా అక్క పెట్టెలాంటి పెట్టెలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఆశాలకు ఇప్పటికే ఇచ్చిన పనులకే సరైన పారితోషికం అందడం లేదు, కనుక దీనికి విడిగా ఇవ్వాలి.

4. నలభై అయిదు లోపు అండాశయాలు పోయిన స్త్రీకి, రొమ్ము క్యాన్సర్ వంటి అడ్డంకి లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలని వైద్య ప్రమాణాలు చెబుతున్నాయి. ఇది స్త్రీ వైద్యులకు నా ప్రత్యేక విన్నపం. మీరు తీసిన గ్రంథి చేసే పనిని ఎవరు చేస్తారో చెప్పకుండా రోగిని పంపకండి. ఇవ్వకూడదని మీరు నిర్ణయిస్తే, ఆ కారణమూ కాగితం మీద రాయండి.

5. ప్రతి జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో ఎముక సాంద్రత కొలిచే డెక్సా యంత్రం ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముక సాంద్రతతో పోల్చి చెప్పే అంకె టీ స్కోరు, అది మైనస్ 2.5 గాని అంతకంటే తక్కువ గాని ఉంటే బోలు ఎముకల వ్యాధి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఇచ్చిన కొలత ఆ యంత్రం మీదే తెలుస్తుంది. మడమకు పెట్టి చూసే చిన్న యంత్రాలతో మందుల కంపెనీలు పెట్టే శిబిరాలు దానికి బదులు కావు. ఆ శిబిరం చివర చేతిలో పెట్టేది మళ్లీ కాల్షియం డబ్బానే.

6. అలెండ్రోనేట్ వారానికొక మాత్ర, జోలెడ్రోనేట్ ఏడాదికొక సూది. జెనరిక్ రూపంలో దొరికే పాత మందులే ఇవి. ఎముకను కరిగించే కణాన్ని ఆపుతాయి. వీటిని ఏరియా ఆస్పత్రి దాకా తీసుకురండి. మూత్రపిండాల పరీక్ష, డి విటమిన్ పరీక్ష చేసి, పళ్లు చూపించుకోమని చెప్పి ఇవ్వాలి, అంతే.

7. ఎముకల వైద్యులకు: యాభై దాటిన స్త్రీకి చిన్న దెబ్బకే ఎముక విరిగితే, రాడ్డుతో పాటు ఎముక మందు కూడా ఇంటికి పంపే ముందే మొదలు కావాలి. ఫిజియోథెరపీ ఎవరు, ఎన్ని రోజులు అన్నది డిశ్చార్జి కాగితంలో ఉండాలి. ఒకసారి విరిగిన మనిషికి మళ్లీ విరిగే ముప్పు ఎక్కువని మీకు నేను చెప్పనక్కర్లేదు.

8. మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీ, స్వయం సహాయక సంఘాల సమావేశాలు, ఎక్కడ వీలైతే అక్కడ తిండి గురించి చెప్పండి. పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన స్త్రీలకు 1200 కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటాయి. ఆడపిల్లకు ముప్పై లోపు కూడబెట్టిన ఎముకే తర్వాత ఖర్చుకు వస్తుంది, కాబట్టి ఈ మాట పెద్దవాళ్లకంటే ముందు పదో తరగతి పిల్లలకు చేరాలి.

డబ్బు లేదంటారేమో. మొదటి నాలుగింటికి యంత్రాలు అక్కర్లేదు. వాటిని ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.

అక్క ఇప్పుడు వాకర్‌తో వాకిలి దాకా వస్తుంది. పోయిన వారం డెక్సా తీయించాం, అరవై కిలోమీటర్లు ప్రయాణం చేసి, సొంత ఖర్చుతో. వెన్ను దగ్గర టీ స్కోరు మైనస్ 3.6. సూది మొదలుపెట్టారు. రిపోర్టు ఆమె చేతికిచ్చి చదివి వినిపించాను. మొత్తం విని, "అయితే అప్పుడు రెండూ తీసేశారా?" అని ఒక్క మాట అడిగింది.

ఆమె అనుమతితో, పేరు, ఆస్పత్రి వివరాలు కొట్టేసి, 1999 కాగితం నకలు ఈ లేఖకు జత చేస్తున్నాను. నా రెండు అర్జీల నకళ్లు కూడా ఉన్నాయి. అరవై రోజుల్లో జవాబు రాకపోతే, రెండో డిమాండులోని ప్రశ్నలను అవే మాటలతో సమాచార హక్కు చట్టం కింద జిల్లాకొక దరఖాస్తుగా పెడతాను. దరఖాస్తు నమూనా సిద్ధంగా ఉంది. తమ ఇంటి పాత కాగితం చదివించుకోవాలనుకునే వారెవరైనా సరే, అది తీసుకుని మొదట దగ్గరలోని పీహెచ్‌సీకి వెళ్లండి.

ఇట్లు,
ఒక జంతుశాస్త్ర అధ్యాపకురాలు